కాయితం మీద లేని పద్యం

కోడిగుడ్డు ఒక్కటే దొరికింది.

1934 మే. మాస్కోలో నష్చోకిన్ సందు. రచయితల కోఆపరేటివ్ కట్టించిన భవనం, అయిదో అంతస్తు. లెనిన్‌గ్రాడ్ నుంచి కవయిత్రి అన్నా అఖ్మతోవా ఆ రోజే దిగింది. వచ్చిన మనిషికి ఏదైనా పెడదామంటే వంటింట్లో ఏమీ లేదు. ఓసిప్ మాండెల్‌ష్టామ్ ఇరుగుపొరుగు గుమ్మాలు తిరిగి, ఆ ఒక్క గుడ్డూ అడిగి తెచ్చి బల్ల మీద పెట్టాడు. గోడకవతల పక్కింట్లో హవాయి గిటారు మోగుతోంది. చూడవచ్చిన ఓ అనువాదకుడు కుర్చీకి అతుక్కుపోయాడు. ఎంతకీ లేవడు. ఎందుకు లేవలేదో ఆ ఇంటివాళ్లకు తర్వాత గానీ అనుమానం తగల్లేదు. రాత్రి ఒంటిగంట కావస్తుండగా తలుపు చప్పుడైంది.

ఓసిప్ భార్య నాద్యా వెళ్లి తీసింది. ముగ్గురు రహస్య పోలీసులు, వెనకాల ఇద్దరు సాక్షులు. లోపలికి రావచ్చా అని ఎవరూ అడగలేదు. ఆమె పక్కనుంచే జారిపోయి గదుల్లో తలో మూలకీ సర్దుకున్నారు. జేబులు తడిమారు. గుర్తింపు కాయితాలు చూశారు. తన కోసమేనా అని అడిగాడు ఓసిప్. వారంటు చేతికిచ్చారు. చదువుకుని తలూపాడు. అప్పుడు పెట్టె మూత లేచింది.

పెట్టెలోంచి కట్టలు కట్టలుగా లాగిన చిత్తుప్రతుల్ని, ఉత్తరాల్ని, తేదీల్లేని తునకల్ని ఒక్కొక్కటే దీపం కిందికి తెచ్చి, అటు తిప్పి ఇటు తిప్పి, చదివి, పనికొస్తుందనుకున్నది కుర్చీ మీదికీ రాదనుకున్నది నేల మీదికీ విసురుతూ, ఆ నేల మీది కవిత్వాన్నే బూటుకాళ్లతో తొక్కుకుంటూ, మాటా పలుకూ లేకుండా తెల్లారేదాకా వెతికారు. సాక్షులిద్దరూ నడవాలో కునికిపాట్లు పడ్డారు. పెద్దాఫీసరు మర్యాదస్తుడు. ఇన్నిన్ని సిగరెట్లు మంచివి కావంటూ జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి, చప్పరించే బిళ్లలు ఇవ్వబోయాడు. తలా ఒకటి తీసుకోమన్నాడు. కుర్చీ మీద గుట్ట పెరుగుతోంది. ఆఫీసరు మొహంలో మాత్రం తృప్తి లేదు.

వాళ్లకు కావలసింది ఆ పెట్టెలో లేదు. ఓసిప్ దాన్ని ఏ కాయితం మీదా పెట్టలేదు.

పదహారు పాదాలు. 1933 నవంబరులో కట్టాడు. ఆ ఏడు క్రిమియాలో ఆకలికి తాళలేక ఊళ్లొదిలి నడిచొస్తున్న రైతుల్ని భార్యాభర్తలిద్దరూ కళ్లారా చూశారు. మాస్కో వచ్చాక స్టాలిన్‌ను నిలబెట్టి కడిగేస్తూ ఈ పద్యం చెప్పాడు. నోటితోనే చెప్పాడు. ఓ పదిమందికి వినిపించాడు. వీధిలో నడుస్తూ వినిపిస్తే తోటి కవి బోరిస్ పాస్టర్నాక్ బిగుసుకుపోయాడు. ఇది కవిత్వం కాదు, ఉరితాడు మెడకు తగిలించుకోవడం; నువ్వు చదవలేదు, నేను వినలేదు, ఇంకెవరి దగ్గరా నోరెత్తకు అన్న ధోరణిలో హెచ్చరించాడు. ఓసిప్ ఆగాడా? లేదు. విన్నవాళ్లలో ఎవరి ద్వారానో అది చేరాల్సిన చోటికి చేరింది.

తెల్లగా తెల్లారిపోయింది. బల్ల మీద గుడ్డు అలాగే ఉంది. బయల్దేరే ముందు ఇదైనా తినమంది అఖ్మతోవా. ఓసిప్ కూర్చున్నాడు. ఉప్పు జల్లుకుని తిన్నాడు. ఏడు గంటలకు తీసుకెళ్లారు.

ఆడవాళ్లిద్దరూ మిగిలారు. నేలంతా కాయితాలు, వాటి మీద బూట్ల ముద్రలు. ఏడవడానికి వ్యవధి లేదు. వాళ్లు మళ్లీ వస్తారు. ఏరాల్సినవి ఏరారు. తోడుకు వచ్చిన స్నేహితులు ఒక్కొక్కరుగా, ఆగి ఆగి, ఒకరు బజారు సంచితో ఒకరు ఉత్త చేతుల్తో మెట్లు దిగారు. ఆ సంచుల్లో కూరగాయల్లేవు. పోలీసులు నిజంగానే మళ్లీ వచ్చారు.

పదిహేనేళ్ల కిందట ఈ నాద్యా చేతుల్లో ఉన్నవి కాయితాలు కావు, రంగులు. నదేజ్దా యాకోవ్లెవ్నా ఖాజినా. 1899లో సరాతోవ్‌లో పుట్టి కీవ్‌లో పెరిగింది. అలెగ్జాండ్రా ఎక్స్‌టర్ స్టూడియోలో బొమ్మలు నేర్చుకుంది. ఎక్స్‌టర్ అంటే పారిస్‌లో ఉండొచ్చిన చిత్రకారిణి, అప్పటి కొత్త కళకు కీవ్‌లో పెద్ద దిక్కు. ఆమె శిష్యులు రంగస్థలానికి తెరలు, ఊరేగింపులకు వీధి అలంకరణలు వేసేవాళ్లు. అంతర్యుద్ధం నడుస్తోంది. ఊరు ఒక సైన్యం చేతిలోంచి ఇంకో సైన్యం చేతిలోకి మారుతోంది. ఆ గొడవలోనే ఓ హోటలు నేలమాళిగలో చిత్రకారులు, రచయితలు, నటులు, సంగీతకారులు రాత్రిళ్లు చేరే క్లబ్బు. 1919 మే 1న అక్కడికి పీటర్స్‌బర్గ్ కవి ఒకాయన వచ్చాడు. ‘శిల’ అనే పుస్తకంతో అప్పటికే పేరుంది. ఆయనకు 28, ఆమెకు 19. ఆ రాత్రి నుంచీ జంట. కొన్ని నెలలకే యుద్ధం ఇద్దర్నీ చెరోవైపు విసిరేసింది. 1921లో వెతుక్కుంటూ వచ్చి మళ్లీ పట్టుకున్నాడు. 1922లో పెళ్లి రిజిస్టరైంది.

కుంచె పక్కకెళ్లింది. ఓసిప్ బల్ల ముందు కూర్చుని రాసే మనిషి కాదు. నడుస్తాడు, పెదాలు కదుపుతాడు, గొణుగుతాడు. పద్యం నోట్లోనే తయారయ్యాక చెప్తాడు. రాసుకునేది నాద్యా. ఎక్స్‌టర్ దగ్గర సాధన చేసిన చెయ్యి మొగుడి మాటకు దస్తూరీ అయింది. అతని మీద వచ్చిన పుస్తకాలు ఓ బీరువా పడతాయి. ఆ పక్కకెళ్లిన కుంచె సంగతి వాటిలో రెండు ముక్కలకు మించదు.

మళ్లీ 1934. లుబ్యాంకా జైలు. షివారొవ్ అనే విచారణాధికారి. రాత్రిళ్లు ప్రశ్నలు. ఎక్కడో ఆడమనిషి గొంతు వినిపించింది. నాద్యానూ పట్టుకొచ్చారనుకున్నాడు ఓసిప్. చెప్పు అట్టలో దాచుకున్న బ్లేడుతో మణికట్టు కోసుకున్నాడు. బతికించారు. మళ్లీ ప్రశ్నలు. చివరికి విచారణాధికారి ముందు కాయితం తీసుకుని, జీవితంలో ఎప్పుడూ రాయని ఆ పదహారు పాదాల్నీ స్వహస్తంతో రాసిచ్చాడు. ఎవరెవరికి వినిపించాడో ఆ పేర్లూ చెప్పాడు. ఆ పద్యానికి కవి చేతిరాతలో మిగిలిన ప్రతి పోలీసు ఫైలులోదే. ఇక తుపాకీయే అనుకున్నారంతా.

పైనుంచి వచ్చిన ఆజ్ఞ వేరు. దూరంగా పెట్టండి, ప్రాణం మాత్రం పోనివ్వకండి. ఉరల్ కొండల దిక్కున చెర్దిన్ ఊళ్లో మూడేళ్ల ప్రవాసం. భార్య వెంట వెళ్లొచ్చు. నాద్యా రెండో ఆలోచన చేయలేదు.

రైలు. మరో రైలు. ఆ తర్వాత నది మీద పడవ. ముగ్గురు కాపలా సిపాయిలు. నాద్యా అయిదు రాత్రులు కన్ను మూయలేదు. ఓసిప్ చెవుల్లో గొంతులు వినపడుతున్నాయి. ఇదిగో ఇప్పుడే చంపుతారు, అదిగో ఆ మలుపులో అంటున్నాడు. చెర్దిన్‌లో ఆసుపత్రి మేడ మీద ఓ పెద్ద వార్డు ఖాళీగా ఉంటే మంచాలు చూపించారు. ఇక నడుం వాల్చవచ్చు. నాద్యాకు రెప్ప పడింది. ఏదో కదిలినట్టయి కళ్లు తెరిచేసరికి ఓసిప్ కిటికీ మీద ఉన్నాడు. కాళ్లు బయటికి.

ఒక్క గెంతులో వెళ్లి భుజాల దగ్గర కోటు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. అతను చేతులు పైకెత్తి కోటులోంచి కిందికి జారాడు. కోటు ఆమె చేతిలో ఉండిపోయింది.

కింద పూలమొక్కలకని తవ్విపోసిన మట్టిగుట్ట. దాని మీద పడ్డాడు. భుజం కీలు తప్పిందన్నారు అక్కడివాళ్లు. ఎముకే విరిగిందని తర్వాతెప్పుడో తేలింది. ప్రాణం ఉంది. భయం కూడా ఉంది. ఓ రోజు సాయంత్రం ఆరింటికి తనను కాల్చేస్తారని తేల్చిచెప్పి, గోడ గడియారం వైపే చూస్తూ కూర్చున్నాడు. వార్డులో ఒకరు నాద్యాకు ఉపాయం చెప్పారు. అతను చూడకుండా ముల్లు ముందుకు తిప్పేశారు. ఏడు దాటింది, ఆరు ఎప్పుడో వెళ్లిపోయింది చూడు, అని చూపించింది. ఆ పూట గడిచింది. అలా ఎన్ని పూటలు?

నాద్యా మాస్కోకు టెలిగ్రాముల మీద టెలిగ్రాములు కొట్టింది. పార్టీ నాయకుడు నికొలాయ్ బుఖారిన్ స్టాలిన్‌కు ఉత్తరం రాశాడు. పాస్టర్నాక్ కూడా బెంగ పెట్టుకున్నాడని అందులో ఓ మాట చేర్చాడు. జూన్‌లో ఓ రోజు పాస్టర్నాక్ ఉండే ఉమ్మడి ఫ్లాటులో టెలిఫోను మోగింది. క్రెమ్లిన్ నుంచి. అవతల స్టాలిన్. మాండెల్‌ష్టామ్ కేసు మళ్లీ చూస్తున్నామన్నాడు. స్నేహితుడి కోసం గట్టిగా ఎందుకు నిలబడలేదని దెప్పాడు. అతను నిజంగా అంత ఉద్దండుడేనా అని గుచ్చి అడిగాడు. పాస్టర్నాక్ తడబడ్డాడు, మిమ్మల్ని కలిసి చావుబతుకుల గురించి మాట్లాడాలని ఉందన్నాడు. అవతల ఫోను పెట్టేశారు.

శిక్ష మారింది. పన్నెండు పెద్ద నగరాలు తప్ప ఎక్కడైనా ఉండొచ్చు. వొరోనెజ్ ఎంచుకున్నారు.

అద్దె గదులు. ఒకదాని తర్వాత ఒకటి. చేతిలో పని ఉంటే రొట్టె, లేకుంటే అప్పు. 1936-37 చలికాలానికి ఆ పనీ పోయింది. అయినా ఓసిప్ పెదాలు ఆగలేదు. వీధుల్లో నడిచొచ్చి, గుమ్మంలోనే మొదలుపెట్టేవాడు. నాద్యా మామూలు నోటుబుక్కుల్లో ఎక్కించేది. రెండేళ్లలో అలా మూడు నోటుబుక్కులు, దాదాపు 90 పద్యాలు. రష్యన్ కవిత్వంలో ఇవాళ్టికీ తలెత్తి చూడాల్సిన పద్యాలవి. ప్రతిదానికీ ఆమె ఒకటికి నాలుగు ప్రతులు తీసేది. ఒకటి నటాషా ష్టెంపెల్ అనే యువ ఉపాధ్యాయురాలికి. ఒకటి దిండులోకి. ఒకటి వంటగిన్నెలోకి. నమ్మి ఇచ్చిన చోట్ల పోయినవీ ఉన్నాయి. కాయితం అగ్గిపుల్లకు లొంగుతుందని అర్థమైన రోజు నుంచి నాద్యా బట్టీ పట్టడం మొదలుపెట్టింది.

1937 జనవరిలో ఓ వింత జరిగింది. ఎన్నడూ లేనిది ఓసిప్ బల్ల తుడిచి, కాయితం, పెన్సిలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. స్టాలిన్‌ను పొగుడుతూ ఓ దీర్ఘ కవిత రాశాడు. ప్రాణం కోసం. ఇద్దరి ప్రాణాల కోసం. రాయడం చేతకాక కాదు, అలా రాయడం చేతకాక గింజుకున్నాడు. పక్కనే నోటుబుక్కులో అసలైన పద్యాలు పుడుతూనే ఉన్నాయి. ఆ పొగడ్తను చింపెయ్యమని తర్వాత ఎందరో చెప్పారు నాద్యాకు. చింపలేదు. భర్త పరువుకు కాపలా కాయడం ఒకటి, భర్త రాతకు కాపలా కాయడం ఇంకొకటి. ఆమె రెండోది ఎంచుకుంది.

1937 మేలో ప్రవాసం గడువు తీరింది. మాస్కో చేరారు. ఉండనివ్వలేదు. నగరానికి వంద కిలోమీటర్ల అవతల సవ్యోలొవో, ఆ తర్వాత కలీనిన్. రైలెక్కి వచ్చి స్నేహితుల దగ్గర చేబదుళ్లు అడిగి, చీకటి పడేలోగా తిరిగెళ్లేవాళ్లు. సరిగ్గా అప్పుడే రచయితల సంఘం కరుణించింది. సమాతిఖా విశ్రాంతి గృహంలో రెండు నెలలుండండి, ఖర్చు మాది అంది. అడవి మధ్య మంచి గది. తిండి. వైద్యం. ఓసిప్ పొంగిపోయాడు. ఊరొదిలి ఓసారి స్టేషను దాకా వెళ్లొద్దామని బండి అడిగితే మాత్రం లేదన్నారు.

అదే సంఘం పెద్ద స్తావ్‌స్కీ 1938 మార్చి 16న రహస్య పోలీసుల అధిపతి యెజోవ్‌కు ఉత్తరం రాసి ఉన్నాడు. మాండెల్‌ష్టామ్ సమస్యను పరిష్కరించమని కోరాడు. ఆ సంగతి గదిలో ఉన్నవాళ్లకు తెలీదు.

1938 మే 2. నాద్యాకు ఆ రాత్రి కలలో దేవుడి పటాలు కనిపించాయి. అపశకునమనిపించింది. తలుపు మెల్లగా తట్టారు. ఈసారి సోదాల్లేవు, చప్పరించే బిళ్లల్లేవు. పెట్టె బోర్లించి ఉన్నవన్నీ సంచిలో కుక్కుకున్నారు. నాద్యా మంచం మీద కదలకుండా కూర్చుండిపోయింది. ఇన్ని బట్టలెందుకు, నాలుగు ప్రశ్నలడిగి పంపేస్తాం అన్నాడు ఒకడు. చెరుస్తీ స్టేషను దాకా తోడు రమ్మన్నాడు ఓసిప్. కుదరదన్నారు. లారీ కదిలింది. కీవ్ నేలమాళిగలో కలిసి పంతొమ్మిదేళ్లు నిండి ఒక్క రోజు.

ఆగస్టులో శిక్ష పడింది. అయిదేళ్ల లేబర్ క్యాంపు. రైలు తూర్పుకు, వ్లాదివొస్తొక్ వైపు. నాద్యా దగ్గర ఇంక ఇల్లు లేదు, డబ్బు లేదు. స్త్రూనినో అనే చిన్న ఊళ్లో నూలు మిల్లులో చేరింది. రాత్రి షిఫ్టు. మరలు దడదడలాడుతుంటే, గాలినిండా దూది నలుసులు ఎగురుతుంటే, తెగిన పోగు అందుకోవడానికి ఈ మర నుంచి ఆ మరకు పరుగెడుతూ, ఆ చప్పుడులో పక్కమనిషికి సైతం వినపడదన్న ధైర్యంతో, నిద్రకు కాళ్లు మడత పడుతున్నా ఒక్క పాదం వదలకుండా ఓసిప్ పద్యాలన్నీ వరసగా వల్లె వేసేది. షిఫ్టు దిగి మాస్కో రైలెక్కేది. జైలు కిటికీ ముందు వరసలో నిలబడేది. ఓ రోజు మిల్లు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. లోపల రహస్య పోలీసులు కూర్చుని ఉన్నారు.

చదువుకున్న మనిషివి, మిల్లులో నీకేం పని అన్నారు. రేపు రమ్మన్నారు. ఆ రాత్రి ఆమె అద్దెగది కిటికీ దగ్గరికి పనివాళ్లు ఒకరొకరుగా వచ్చారు. కిటికీ గట్టు మీద తలా కొంత డబ్బు పెట్టారు. వెళ్లిపో అన్నారు. ఇంటివాళ్లు దగ్గరుండి రైలెక్కించారు. పోలీసులు మర్నాడు ఏం చేశారో చూడ్డానికి ఆమె అక్కడ లేదు.

అక్టోబరు 22న ఆమె భర్తకు ఓ ఉత్తరం రాసింది. అతనికది చేరలేదు. అతని నుంచి ట్రాన్సిట్ క్యాంపు ఉత్తరం ఒక్కటి తమ్ముడి పేర వచ్చింది. నీరసించిపోయాను, బట్టలు పంపండి, నాద్యా బతికే ఉందా అని అందులో అడిగాడు. పార్సిల్ కట్టి పంపింది. 1939 ఫిబ్రవరిలో పోస్టాఫీసు నుంచి కబురు. వెళ్లింది. కిటికీలోంచి తన పార్సిలే మళ్లీ చేతిలో పెట్టారు. గ్రహీత మరణించాడు. ఆ రోజుల్లోనే పేపర్లలో ప్రభుత్వ పతకాలు అందుకున్న రచయితల జాబితా అచ్చయింది. తర్వాతి ఏడు జూన్‌లో మరణ ధ్రువపత్రం ఇచ్చారు. 1938 డిసెంబరు 27. వయసు 47. గుండె ఆగిపోవడం.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లూ పరుగే. తాష్కెంట్‌లో యుద్ధకాలం, అఖ్మతోవా తోడు. ఉల్యానొవ్‌స్క్, చితా, చెబొక్సారీ, ప్స్కోవ్. ఎక్కడ ఇంగ్లీషు టీచరు ఉద్యోగం దొరికితే అక్కడ. ఊరు మారినా రాత్రి పని మారలేదు. పద్యాలు, వచనం కూడా, ముక్కలు ముక్కలుగా రోజూ తిరగేసుకునేది. ఒక రోజు మానితే ఒక మాట జారిపోతుందేమోనని బెదురు. మరచిపోయే హక్కు లేని మనిషి నిద్ర ఎలా ఉంటుందో ఊహించుకోవలసిందే.

1956లో 1938 నాటి కేసు కొట్టేశారు. పుస్తకం మాత్రం రాలేదు. విదేశాల్లో అచ్చు మొదలయ్యాక ఆమె బట్టీ సడలించింది. తన మాట రాయడం మొదలుపెట్టింది. 1965లో మాస్కో అంచున ఒక ఫ్లాటు దొరికింది. 1970లో న్యూయార్క్‌లో ఆమె జ్ఞాపకాల పుస్తకం వచ్చింది. కుంచె వదిలేసిన మనిషి ఇంత వచనం ఎక్కడ దాచిందని లోకం నోరెళ్లబెట్టింది. గుడ్డు, బిళ్లల డబ్బా, చేతిలో మిగిలిన కోటు మనకు తెలిసింది ఆ పుస్తకంలోంచే. 1972లో రెండోది. అందులో ఎవర్నీ వదల్లేదు; స్నేహితుల్ని కూడా చీల్చి చెండాడింది. కొందరు మాట్లాడ్డం మానేశారు.

1973లో లెనిన్‌గ్రాడ్‌లో ఓసిప్ కవితల సంపుటి వచ్చింది. స్వదేశంలో 45 ఏళ్ల తర్వాత. దుకాణాల్లో దొరకలేదు. చాటుమాటుగా ఎన్నో రెట్ల ధరకు చేతులు మారింది. దిండ్లలో, గిన్నెల్లో తిరిగిన కాయితాల్ని ఆ దేశంలో ఉంచే ధైర్యం నాద్యాకు లేకపోయింది. గుట్టుగా సరిహద్దు దాటించింది. 1976లో అవి అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చేరాయి.

1980 డిసెంబరు 29న ఆమె పోయింది. పదహారు పాదాల పద్యం చెప్పడం నేరం కాదని, 1934 కేసులో ఓసిప్ నిర్దోషి అని సర్కారు తీర్పు చెప్పింది 1987లో.